మారణహోమంలో హోమం ఎక్కడిది?

కార్తికమాసం వస్తే కపిలతీర్థంలో నెల పొడుగునా హోమాలు జరుగుతాయి. గణపతి హోమం, సుబ్రహ్మణ్య హోమం, నవగ్రహ హోమం, చండీ హోమం, రుద్ర హోమం, ఇలా వరసగా. తిరుపతి వాళ్లకు హోమం అంటే శాంతి కోసం, పిల్లల చదువు కోసం, ఇంట్లోవాళ్ల జబ్బు తగ్గాలని చేయించుకునేది. అదే ఊళ్లో అదే మనుషులు పొద్దున పేపరు తెరిస్తే లోపలి పేజీలో 'మారణహోమం' అని లావుపాటి అక్షరాలు. రువాండా కానివ్వండి, బోస్నియా కానివ్వండి, జనాన్ని గుంపులు గుంపులుగా చంపారంటే తెలుగులో ముందుగా చేతికొచ్చే మాట అదే. ఎంతగా అలవాటైపోయిందంటే, అందులో హోమం ఏం చేస్తోందని ఎవరూ అడగరు.

అడగాల్సిన ప్రశ్నే అది. ఆ మాట ఎలా పుట్టింది, ఇంగ్లీషువాళ్లు వాడే హోలోకాస్ట్ ఎలా పుట్టింది, జెనొసైడ్ (జాతి నిర్మూలన) అనే మాట ఎవరు కట్టారు అన్నవి తెలిస్తే ఏ వార్తకు ఏ మాట రాయాలో తేలుతుంది. డెస్కులో అనువాదం చేసేవాళ్లకు, చరిత్ర పాఠం చెప్పే పంతుళ్లకు పనికొస్తుందని కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు 'మారణ' సంగతి. మరణం వేరు, మారణం వేరు. 'మృ' ధాతువు నుంచి వచ్చిన మరణం అంటే చావడం. దానికే ప్రేరణార్థం చేరితే మారణం, అంటే చావు కలిగించడం. మరణానికి కర్త చచ్చినవాడు, మారణానికి కర్త చంపినవాడు. ఒక్క దీర్ఘంతో నేరం ఎవరిదో మాటలోనే చేరిపోయింది. అందుకే కత్తులూ తుపాకులూ మారణాయుధాలు. 'మరణాయుధాలు' అని అచ్చులో కనిపిస్తే దిద్దాల్సిందే. మహమ్మారి కూడా ఈ ధాతువు కుటుంబంలోదే.

తంత్రశాస్త్రంలో షట్కర్మలని ఆరు ప్రయోగాలు చెబుతారు: శాంతి, వశ్యం, స్తంభనం, విద్వేషణం, ఉచ్చాటనం, మారణం. చివరిది శత్రువు ప్రాణం తీయడానికి. దానికోసం చేసే హోమమే అసలు మారణహోమం. వేదంలోనూ దీనికి పెద్దన్న ఉంది. 'శ్యేనేనాభిచరన్ యజేత' అని ఒక వాక్యం: శత్రువును చంపదలచినవాడు శ్యేనయాగం చెయ్యాలి. శ్యేనమంటే డేగ. ఆ యాగంలో ఋత్విక్కులు, అంటే యాగం నడిపే పురోహితులు, ఎర్ర తలపాగాలు చుట్టుకుని, ఎర్ర బట్టలు కట్టుకుని తిరుగుతారు. శత్రువుకు కీడు చేసే ఇలాంటి అభిచార కర్మల్లో వేదిమీద దర్భకు బదులు శరగడ్డి పరుస్తారు. చూడగానే ఇది మామూలు యాగం కాదని తెలిసిపోవాలన్నట్టుగా ఉంటుంది ఏర్పాటు.

మన సంస్కృత విశ్వవిద్యాలయంలో మీమాంస, అంటే వేదవాక్యాలకు అర్థం తేల్చే శాస్త్రం, చదివే పిల్లలకు ఈ వాక్యం మొదట్లోనే ఎదురవుతుంది. ఆ శాస్త్రానికి సూత్రాలు రాసిన జైమిని రెండో సూత్రం 'చోదనాలక్షణోఽర్థో ధర్మః'. వేదం విధించేది ధర్మం అంటే సరిపోయేది కదా, మధ్యలో 'అర్థః' అనే మాట ఎందుకు? ఆ సూత్రాలకు భాష్యం రాసిన శబరస్వామి జవాబు: శ్యేనంలాంటి వాటిని పక్కన పెట్టడానికి. వాటి ఫలం హింస, హింస నిషిద్ధం, కాబట్టి అవి అనర్థాలు. 'హింస చెయ్యాలనుకునేవాడికి ఇదీ ఉపాయం' అని వేదం చెప్పిందే తప్ప 'హింస చెయ్యి' అని చెప్పలేదంటాడు. ఉపాయం తెలియజెప్పడం వేరు, చెయ్యమనడం వేరు అన్న ఈ గీత చాలా పదునైనది. మారణహోమం అనే మాట పుట్టిన ఇంట్లోనే దాన్ని ధర్మం జాబితాలోంచి తీసేశారన్నమాట.

పాత మారణహోమంలో నిప్పులో పడేది శత్రువు కాదు. నెయ్యి, సమిధలు, ఏవో ద్రవ్యాలు పడతాయి. శత్రువు ఎక్కడో దూరాన చస్తాడని నమ్మకం. అప్పుడు సమాసానికి విగ్రహవాక్యం 'మారణం కొరకు హోమం'. ఇప్పుడు పేపర్లో రాసేదానికి అది పనికిరాదు. ఇప్పుడు చావే హోమం, మనుషులే ఆహుతి. 'మారణమనే హోమం' అని చెప్పుకోవాలి, అంటే రూపక సమాసం. అక్షరం మారలేదు, సమాసం మారింది.

ఈ రూపకం ఒంటరిది కాదు. తెలుగులో హింస గురించి రాసే భాషలో సగం యాగశాలలోంచి తెచ్చుకున్నదే. గొడవకు 'ఆజ్యం పోశారు' అంటాం. ఆజ్యమంటే సంస్కారం చేసిన నెయ్యి. యుద్ధంలో పేదవాళ్లు 'సమిధలయ్యారు' అంటాం. పూరిళ్లు 'అగ్నికి ఆహుతి' అయ్యాయని రాస్తాం. చనిపోయినవాళ్లు 'బలి' అయ్యారంటాం. ఒక్కో మాటా విడిగా బాగానే ఉంది. అన్నీ కలిపి చూస్తే చంపినవాడు ఎక్కడ కూర్చున్నట్టు? యజమాని పీటమీద, అంటే యాగం చేయించేవాడి స్థానంలో.

ఇక్కడ హోమం ఎలా నడుస్తుందో చెప్పకపోతే ఈ అభ్యంతరం అర్థం కాదు. యాగానికి మూడు అంగాలని కాత్యాయన శ్రౌతసూత్రం చెబుతుంది: ద్రవ్యం, దేవత, త్యాగం. ఏది ఇస్తున్నాం, ఎవరికి ఇస్తున్నాం, వదులుకోవడం. కుండం చుట్టూ దర్భలు పరిచి, నెయ్యి కరగబెట్టి, అందులో చెత్త ఉందేమో చూసి, స్రువం అనే చెక్క గరిటెతో తీసి 'స్వాహా' అనగానే నిప్పులో వేస్తారు. వేసేది ఋత్విక్కు. అయితే దాంతో పని పూర్తి కాదు. యజమాని నోటితో 'అగ్నయే ఇదం, న మమ' అనాలి. ఇది అగ్నిది, నాది కాదు. సొంతదాన్ని వదులుకున్నప్పుడే త్యాగం. మధ్యలో మంత్రం తప్పినా, ఆహుతి కింద పడినా ప్రాయశ్చిత్తాహుతులు ఉన్నాయి. చివర పూర్ణాహుతి.

ఈ లెక్కన సామూహిక హత్యను చూడండి. ద్రవ్యం తనది కాదు, ఎదుటివాడి ప్రాణం. దేవత ఎవరూ లేరు. 'న మమ' అనడం లేదు సరికదా, చచ్చినవాళ్ల ఇళ్లూ పొలాలూ బంగారమూ 'మమ' అనడానికే చాలాచోట్ల ఈ చంపడాలు. మూడంగాల్లో ఒక్కటీ లేదు. మిగిలింది మంట ఒక్కటే. మాటలో హోమం ఉండటం మీద నాకున్న ఇబ్బంది ఇదీ.

అయినా మన కథల్లో ఒక్కచోట ఈ మాట అక్షరాలా సరిపోతుంది. ఆదిపర్వంలో జనమేజయుడి సర్పయాగం. నన్నయ తెలుగు చేసిన భాగమే కాబట్టి మనకు బాగా తెలిసిన కథ. పరీక్షిత్తును కరిచింది తక్షకుడు ఒక్కడు. కొడుకు జనమేజయుడు చెయ్యబూనింది పాముజాతి మొత్తాన్ని కాల్చడం. ఉదంకుడు పాత పగతో వచ్చి ఎగదోశాడు. యాగశాల కట్టారు, నలుగురు ముఖ్య ఋత్విక్కులు వచ్చారు. సంస్కృత భారతం చెప్పే ఒక వివరం చూడండి: వాళ్లు నల్లబట్టలు కప్పుకున్నారు, పొగకు కళ్లు ఎర్రబడ్డాయి. శ్యేనంలో ఎరుపు, ఇక్కడ నలుపు. మంత్రం పడేకొద్దీ పాములు ఎక్కడెక్కడి నుంచో వచ్చి నిప్పులో పడ్డాయి. చిన్నవి, పెద్దవి, ముసలివి. వాటి నేరం ఏమిటంటే పాములుగా పుట్టడం.

తక్షకుడు ఇంద్రుడి దగ్గర దాక్కుంటే ఇంద్రుడితో సహా లాగబోయారు. అప్పుడు ఆస్తీకుడు వచ్చాడు. తండ్రి ఋషి, తల్లి నాగజాతి స్త్రీ. రాజును పొగిడి, వరం సంపాదించి, 'యాగం ఆపు' అన్నాడు. ఆగింది. పూర్ణాహుతి లేని యాగం. వైశంపాయనుడు కురుక్షేత్ర కథ మొత్తాన్ని జనమేజయుడికి వినిపించింది ఈ యాగం సందర్భంలోనే. జాతిని తుడిచిపెట్టే ప్రయత్నం గురించి, దాన్ని ఎవరు ఎలా ఆపారన్న దాని గురించి ఇంతకన్నా తేటగా చెప్పిన పాత కథ నాకు కనిపించలేదు. 1948లో ఐక్యరాజ్యసమితి రాసుకున్న నిర్వచనంలో అసలు కీలకం ఏమిటో ఈ కథ తెలిసినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. దాని దగ్గరికి కాసేపట్లో వస్తాను.

యుద్ధాన్ని యాగమనడం కూడా భారతంలోనే ఉంది. ఉద్యోగపర్వంలో కృష్ణుడితో కర్ణుడు అంటాడు: ధార్తరాష్ట్రుడు శస్త్రయజ్ఞం చేయబోతున్నాడు, దానికి అధ్వర్యుడివి (యాగం నడిపే ఋత్విక్కువి) నువ్వే, హోత (మంత్రాలు చదివే ఋత్విక్కు) అర్జునుడు, గాండీవమే స్రుక్కు (నెయ్యి వేసే గరిటె), వీరుల పరాక్రమమే ఆజ్యం. తాను చస్తానని తెలిసినవాడు చెప్పిన మాటలవి. కర్ణుడి నోట అది నిలుస్తుంది, ఎందుకంటే ఆ ఆహుతిలో తన ప్రాణం కూడా ఉంది. చంపేవాడు చెబితే నిలవదు.

చిత్తూరు, పుత్తూరు వైపు ధర్మరాజుల గుడి తిరునాళ్లలో ఈ కథంతా ఇప్పటికీ ఏటా నడుస్తుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. బకాసుర వధ, అర్జున తపస్సు అయ్యాక చివర్లో దుర్యోధన వధ. పదుల అడుగుల పొడవున మట్టితో దుర్యోధనుడిని వెల్లకిలా పడుకోబెట్టి, రంగులు వేస్తారు. తొడ దగ్గర ఎర్రనీళ్ల కుండ దాస్తారు. భీముడి వేషగాడు ఆ తొడ పగలగొడితే, ద్రౌపది ఆ ఎరుపుతో జుట్టు ముడుస్తుంది. సాయంత్రం అగ్నిగుండం. నిప్పుల్లో దిగేది గెలిచినవాళ్ల తరఫు భక్తులు, ఉపవాసం ఉండి, కంకణం కట్టుకుని. ఇక్కడ నిప్పు ఎవరినీ చంపదు. 'హోమం', 'గుండం' అనే మాటలకు మా వైపు ఉన్న బరువు ఈ ఆచారంలోంచి వచ్చింది.

చావుల లెక్క సంగతీ చెప్పాలి. అక్షౌహిణి అంటే 21,870 రథాలు, అన్ని ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 కాల్బలం. మొత్తం 2,18,700. పద్దెనిమిది అక్షౌహిణులకు 39,36,600. స్త్రీపర్వంలో ధృతరాష్ట్రుడు అడిగితే ధర్మరాజు చెప్పిన మృతుల సంఖ్య 166 కోట్ల 20 వేలు. రెండూ కలవవు. కలపాలని చూడటం అనవసరం. మొదటిది సైన్యం లెక్క, రెండోది దుఃఖం లెక్క. మన కాలంలో ఈ రెండో దానికీ ఒక కొలత తయారుచేశారు. అణుయుద్ధం వస్తే ఎంతమంది చస్తారో అంచనాలు వేసే పనిలో ఉన్న అమెరికన్ వ్యూహకర్త హెర్మన్ కాన్ 1950ల్లో 'మెగాడెత్' అనే మాట వాడాడు. ఒక మెగాడెత్ అంటే పది లక్షల చావులు. మెగావాట్‌లో ఉన్న మెగాయే. హిరోషిమాలో 1945 చివరికి చనిపోయినవాళ్లు సుమారు 1,40,000 అంటారు. ఈ కొలతలో అది 0.14. దశాంశ బిందువు దాకా దిగిన ఆ అంకెను చూస్తే ఆ మాటను తెలుగులోకి తేకపోవడమే మేలనిపిస్తుంది.

నరమేధం మీద కూడా ఒక్క మాట. 'మేధం' అంటే బలి, అశ్వమేధంలో ఉన్నదే. తెలివి అనే అర్థమున్న 'మేధ' కాదు. పురుషమేధం గురించి శతపథ బ్రాహ్మణం పదమూడో కాండలో ఉంది. మనుషులను యూపాలకు, అంటే బలిస్తంభాలకు కట్టారు, వాళ్ల చుట్టూ నిప్పు తిప్పారు, ఇక చంపడమే తరువాయి. అప్పుడు ఒక వాక్కు వినిపించింది: దీన్ని పూర్తి చేశావంటే మనిషే మనిషిని తింటాడు. కట్లు విప్పి అందరినీ వదిలేశారు, నేతితో ఆహుతులు వేశారు. గ్రంథంలోని నరమేధంలో నరుడు చావడు. పేపర్లో నరమేధం అంటే మిగిలినవాడు ఉండడు.

ఇక హోలోకాస్ట్. గ్రీకులో 'హోలోస్' అంటే అంతా, 'కౌస్టోస్' అంటే కాల్చినది. కాస్టిక్ సోడాలో ఉన్న కాస్టిక్ ఇదే. హోలోస్‌కూ మన 'సర్వ'కూ మూలం ఒకటే అని భాషాశాస్త్రం చెబుతుంది. అంటే సర్వదగ్ధం. గ్రీకులు మామూలుగా జంతువును బలిచ్చి, ఎముకలూ కొవ్వూ దేవుడికి కాల్చి, మాంసం వండుకుని తినేవాళ్లు. కొన్ని సందర్భాల్లో మాత్రం తినడానికి ఏమీ మిగల్చకుండా మొత్తం కాల్చేవాళ్లు. చేతిలో డబ్బు లేక అవస్థ పడుతున్న గ్రీకు సైనికుడు, రచయిత జెనొఫోన్ ఒక జోస్యుడి మాట విని జ్యూస్ దేవుడికి పందులను ఇలా పూర్తిగా కాల్చి అర్పించానని తన దండయాత్ర కథలో రాసుకున్నాడు.

క్రీస్తుకు ముందు మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో యూదుల గ్రంథాన్ని గ్రీకులోకి తిప్పడం మొదలైంది. హీబ్రూలో 'ఓలా' అని ఒక బలి ఉంది. పైకి వెళ్లేది అని అర్థం. జంతువు మొత్తం కాలి పొగగా పైకి పోతుంది, చర్మం ఒక్కటి యాజకుడికి దక్కుతుంది. దానికి అనువాదకులు ఈ గ్రీకు మాటను కట్టారు. అక్కడినుంచి లాటిన్, లాటిన్ నుంచి ఇంగ్లీషు. తెలుగు బైబిలు చదివేవాళ్లకు ఇది కొత్తది కాదు: లేవీయకాండంలో 'దహనబలి' అదే. కీర్తనల్లో 'సర్వాంగ హోమములు' కూడా ఉన్నాయి. గ్రీకు అనువాదకుడికి బలి దొరికినట్టే తెలుగు అనువాదకుడికి హోమం దొరికింది.

బలి అన్న మాట హత్యకు ఎలా మారింది? 1189లో లండన్‌లో మొదటి రిచర్డ్ పట్టాభిషేకం నాడు మూక యూదులను చంపింది. డెవైజెస్‌కు చెందిన రిచర్డ్ అనే సన్యాసి ఆ సంగతి రాస్తూ లాటిన్‌లో 'హోలోకాస్టుమ్' అన్నాడు, వాళ్లను వాళ్ల తండ్రి సైతానుకు బలిచ్చారని ఎగతాళిగా. యూదుల హత్యకు ఆ మాట పడిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి, అదీ చంపినవాళ్ల పక్షాన నిలబడి. తర్వాత శతాబ్దాల్లో పెద్ద అగ్నిప్రమాదాలకూ ఘోర హత్యలకూ వాడారు. ఆర్మీనియన్ల చంపివేత గురించి 1929లో చర్చిల్ వాడాడు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అణుయుద్ధం గురించి చాలామంది వాడారు. నాజీలు 60 లక్షల మంది యూదులను చంపిన ఘటనకు ఇది ప్రత్యేక నామంగా స్థిరపడింది నెమ్మదిగా. 1961లో నాజీ అధికారి ఐఖ్‌మన్ విచారణ నాటికి ఊపందుకుంది, 1978లో ఇదే పేరుతో వచ్చిన అమెరికన్ టీవీ సీరియల్‌తో ఇంటింటికీ చేరింది.

చాలామంది యూదులకు ఈ మాట నచ్చలేదు. కారణం పైన మన హోమం గురించి చెప్పిందే. బలి అంటే దేవుడికి ఇచ్చేది. వీళ్లను ఏ దేవుడికి ఇచ్చారు? ఇచ్చినవాడు యాజకుడా? అందుకే హీబ్రూలో 'షోఆ' అంటారు: విధ్వంసం, పాడుబడటం. అందులో పూజ వాసన లేదు. యిడ్డిష్ మాట్లాడేవాళ్లు 'ఖుర్బన్' అన్నారు; యెరూషలేము దేవాలయం కూలడానికి వాడిన మాట అది. అదే నాజీల చేతిలో చచ్చిన రోమా (జిప్సీ) ప్రజల భాషలో 'పొరాయ్‌మోస్', మింగివేత.

శవాలను కొలిముల్లో కాల్చారు కాబట్టి హోలోకాస్ట్ అన్నారని కొందరు వివరిస్తారు. అది సరికాదు. లక్షల మందిని తుపాకులతో గోతుల అంచున నిలబెట్టి చంపారు, ఆకలికీ జ్వరాలకూ చచ్చినవాళ్లు ఇంకెందరో. ఇంకో పొరపాటు ఉక్రెయిన్‌లో 1932-33 కరువుకు పెట్టిన 'హొలొడొమోర్' అనే పేరులోని మొదటి భాగాన్ని హోలోకాస్ట్‌తో ముడిపెట్టడం. అది 'హొలొడ్', ఆకలి. రెండిటికీ చుట్టరికం లేదు. చుట్టరికం ఉన్నది రెండో భాగానికి, మనతో: 'మోర్' మన 'మృ' ధాతువుకు దగ్గరి బంధువు.

జెనొసైడ్ మాత్రం పుట్టినతేదీ తెలిసిన మాట. రఫాయెల్ లెమ్కిన్ పోలండ్ యూదు న్యాయవాది. ఒక మనిషిని చంపితే నేరం, ఒక ప్రభుత్వం తన ఏలుబడిలోని లక్షల మందిని చంపితే అది ఆ దేశం సొంత వ్యవహారమా అన్న ప్రశ్న ఆయన్ను చదువుకునే రోజుల నుంచీ వెంటాడింది. 1933లోనే మాడ్రిడ్ సదస్సుకు 'అనాగరికత', 'విధ్వంసకత్వం' అని రెండు నేరాలను ప్రతిపాదించాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1941 ఆగస్టులో చర్చిల్ రేడియోలో 'పేరు లేని నేరం' అన్నాడు. 1944లో అచ్చయిన పుస్తకంలో లెమ్కిన్ పేరు పెట్టాడు: గ్రీకు 'గెనోస్', జాతి లేదా తెగ; లాటిన్ నుంచి 'సైడ్', చంపడం. 'గెనోస్' మన 'జన'కు బంధువే. నాజీల పాలనలో ఆయన బంధువులు 49 మంది చనిపోయారు.

1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి ఒప్పందం వచ్చింది. 1951 జనవరి 12 నుంచి అమల్లోకి. భారతదేశం 1959లో ఆమోదించింది, కానీ మన శిక్షాస్మృతిలో దీనికంటూ విడిగా సెక్షను లేదు. ఒప్పందం రెండో అధికరణం ప్రకారం ఒక జాతీయ, తెగ, వర్ణ లేదా మత సమూహాన్ని, ఆ సమూహం అయినందుకే, పూర్తిగా గానీ కొంతవరకు గానీ నాశనం చేయాలనే ఉద్దేశం ఉండాలి. ఆ ఉద్దేశంతో చేసే పనులు ఐదు: చంపడం, శరీరానికి, మనసుకు తీవ్రమైన హాని చేయడం, బతకలేని పరిస్థితులు కావాలని కల్పించడం, పిల్లలు పుట్టకుండా చేయడం, పిల్లలను లాక్కుని వేరే సమూహానికి ఇచ్చేయడం. ఐదింటిలో నాలుగింటికి ఒక్క శవం కూడా అక్కర్లేదు. పాము పామైనందుకే చచ్చిన సర్పయాగం గుర్తుంటే 'అయినందుకే' అన్న మాట బరువు తెలుస్తుంది.

రాసేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. సంఖ్య పెద్దదైతే జెనొసైడ్, చిన్నదైతే కాదు అనుకుంటారు. నేరం నిలబడేది ఉద్దేశం మీద. స్రెబ్రెనిత్సాలో 1995 జులైలో చంపింది సుమారు 8,000 మంది బోస్నియా ముస్లిం మగవాళ్లను, కుర్రాళ్లను. అంతర్జాతీయ కోర్టు దాన్ని జెనొసైడ్ అంది. కంబోడియాలో కమ్యూనిస్టు ఖ్మేర్ రూజ్ పాలించిన కాలంలో చచ్చినవాళ్లు పది లక్షలు దాటారు, కానీ అందులో ఎక్కువ భాగం ఆ దేశంలో అధిక సంఖ్యాకులైన ఖ్మేర్లే ఖ్మేర్లను చంపడం, రాజకీయ శత్రువులను చంపడం. ఒప్పందంలో రాజకీయ సమూహాలు లేవు. 2018 తీర్పు జెనొసైడ్ అన్నది చామ్ ముస్లింలు, వియత్నామీయుల విషయంలోనే. జెనొసైడ్ నేరానికి ఒక అంతర్జాతీయ కోర్టు తొలిసారి శిక్ష వేసింది 1998లో; రువాండా కోసం ఐక్యరాజ్యసమితి పెట్టిన ప్రత్యేక ట్రైబ్యునల్ అది, శిక్ష పడింది రువాండాలో మేయరుగా చేసిన అకయేసుకు. అంటే కాగితం మీద నేరం పుట్టిన యాభై ఏళ్లకు.

మరి తెలుగులో ఏది రాయాలి? జెనొసైడ్‌కు నేను 'జాతి నిర్మూలన' అనే రాస్తాను. నిర్మూలనలో మూలం ఉంది, వేరుతో పెకిలించడం. ఉద్దేశం దానంతట అదే వినిపిస్తుంది. 'జాతిహత్య' పొట్టిది, తప్పు కాదు. అయితే తీర్పు రాకముందు ఆరోపణ అని రాయాలి, ఎవరు ఆరోపించారో కూడా. 'జాతి ప్రక్షాళన' మాత్రం కొటేషన్లు లేకుండా రాయకూడదు. బోస్నియా యుద్ధంలో ప్రచారంలోకి వచ్చిన మాట అది, చంపినవాళ్ల దృష్టిలో ఎదుటి జాతి మురికి. తిరుపతిలో ప్రక్షాళన అంటే కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం రోజున గర్భగుడి కడగడం. ఆ మాటను తరిమివేతకు ఇవ్వడం నాకు మింగుడుపడదు. 'బలవంతపు తరిమివేత' అంటే చాలు. యూదుల నిర్మూలనకు నాజీలు పెట్టుకున్న 'తుది పరిష్కారం' అనే పేరు కూడా ఇలాంటిదే, వాళ్ల మాటగానే ఉటంకించాలి.

'ఊచకోత' నాకు ఇష్టమైన మాట. ఊచబియ్యంలో ఉన్న ఊచే, కంకి. చేలో కంకులు కోసినట్టు, నిలబడ్డవాళ్లను నిలబడ్డట్టే కోసేయడం. ఇందులో దేవుడు లేడు, త్యాగం లేదు, కొడవలి పట్టిన చెయ్యి ఉంది. ఒకే చోట, తక్కువ సమయంలో, ఎదురు తిరగలేనివాళ్లను చంపితే ఇది సరిగ్గా అతుకుతుంది. జలియన్‌వాలాబాగ్ ఊచకోత. నెలల తరబడి, ఊళ్ల వెంట సాగితే 'మారణకాండ' నయం. కాండమంటే భాగం, అధ్యాయం, కాబట్టి సాగుదల వినిపిస్తుంది. 'నరమేధం', 'మారణహోమం' వ్యాసాల్లో, ప్రసంగాల్లో ఉంటే ఉండనివ్వండి. వందేళ్ల వాడుకను ఎవరూ తుడిచెయ్యలేరు. వార్తలో మాత్రం వద్దంటాను. బస్సు లోయలో పడితే, బాణసంచా గోడౌను పేలితే మారణహోమం అని పెట్టడం పూర్తిగా తప్పు, అక్కడ చంపాలనుకున్నవాడు లేడు.

హోలోకాస్ట్ దగ్గర తెలుగు లిపికి ఒక ఇబ్బంది ఉంది. ఇంగ్లీషులో పెద్ద అక్షరంతో మొదలుపెడితే నాజీల చేతిలో యూదుల నిర్మూలన, చిన్న అక్షరమైతే ఏదైనా ఘోర విధ్వంసం. మనకు పెద్ద అక్షరాలు లేవు. అందుకని హోలోకాస్ట్ అనే మాటను ఆ ఒక్క ఘటనకే ఉంచి, ఇంగ్లీషులో 'న్యూక్లియర్ హోలోకాస్ట్' అని వస్తే 'అణువినాశనం' అని మార్చేయాలి. 'యూదుల మారణహోమం' అని రాస్తే షష్ఠి కూడా ఇరుకున పెడుతుంది: యూదులు చేసిందా, యూదులను చేసిందా? 'నాజీలు సాగించిన యూదుల నిర్మూలన' అంటే కర్తా కర్మా రెండూ తేలతాయి.

క్రియ విషయంలోనూ అంతే. 'మారణహోమం జరిగింది' అన్న వాక్యంలో చంపినవాడు లేడు; వాన పడింది అన్నట్టుంటుంది. 1941 సెప్టెంబరు 29, 30 తేదీల్లో కీవ్ పక్కన బాబీ యార్ లోయలో జర్మన్ దళాలు 33,771 మంది యూదులను కాల్చి చంపాయి. ఈ వాక్యానికి పెద్ద మాట ఏదీ అక్కర్లేదు. ఆ అంకె చంపినవాళ్లు తమ పై అధికారులకు పంపిన నివేదికలోది కాబట్టి చివరి అంకె దాకా రాయొచ్చు. అన్నిచోట్లా అలా కుదరదు. జలియన్‌వాలాబాగ్‌లో ప్రభుత్వం ఒప్పుకున్నది 379, కాంగ్రెస్ విచారణ చెప్పింది వెయ్యి దాకా. అలాంటప్పుడు రెండు అంకెలూ వెయ్యాలి, ఏది ఎవరిదో పక్కనే చెప్పాలి, సగటు తీయకూడదు.